కాస్త జరగండి, బొమ్మ కనబడటం లేదు

"ఇందులో రాత ఏముందమ్మా? అంతా బొమ్మలే గదా!"

ఇరవై ఎనిమిదేళ్ల టీచరు ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బడికి పుస్తకాలు ఎంపికచేసే చోట కూర్చున్న పెద్దమనిషి అన్నాడు. తనిఖీకి వచ్చిన అధికారి అన్నాడు. పుస్తకాల ఎగ్జిబిషన్లో కొడుకు చేతిలోంచి పుస్తకం లాక్కుని మళ్లీ బల్ల మీద పెట్టేసిన తండ్రి అన్నాడు. నాతోపాటు పనిచేసిన టీచర్లూ అన్నారు. అందరిదీ ఒకటే తీరు. బొటనవేలితో పేజీలు టపటపా వదలడం, పుస్తకాన్ని వెనక్కి తిప్పి ధర చూడడం, "ఈ నాలుగు కాగితాలకి ఇంతా?" అని పక్కన పడెయ్యడం. మొదటి బొమ్మ దగ్గర ఒక్క నిమిషం ఆగినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు.

రిటైరై రెండేళ్లయింది. ఇక నేను ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అందుకే ఇన్నాళ్లూ గొంతులో అడ్డంపడి ఉన్న మాట ఇప్పుడు బయటపెడుతున్నాను. తెలుగునాట బొమ్మల పుస్తకానికి అన్యాయం జరుగుతోంది. తమలాంటి వాళ్లు కానివాళ్లతో స్నేహం ఎలా కుదురుతుందో పిల్లలకి చూపించే బొమ్మల పుస్తకాలకైతే మరీ అన్యాయం జరుగుతోంది. వాటి విలువ నా కళ్లతో చూశాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

నేను పనిచేసింది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె బడి. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. పిల్లలు నాలుగు చోట్ల నుంచి వచ్చేవాళ్లు. ఊళ్లోంచి, చెరువుకట్ట కింద ఎస్సీ కాలనీ నుంచి, మసీదు పక్క ఇళ్ల నుంచి, వాగు అవతల యానాదుల గుడిసెల నుంచి. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే పళ్లేలు పట్టుకుని వరండాలో చేరేవాళ్లు. విడివిడిగా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అయినా రోజూ ఒకటే వరస. గది గడప దగ్గర ఊరి పిల్లలు, స్తంభాల మధ్య మిగతావాళ్లు, ఆఖరున చేతిపంపు పక్కన యానాది పిల్లలు. ఆరేళ్ల పిల్లలకి ఆ వరస ఎవరు నేర్పారు? ఒకరు నేర్పాల్సిన పనిలేదు. పెళ్లి పందిట్లో, రచ్చబండ దగ్గర, నీళ్ల ట్యాంకు దగ్గర పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నారు.

చూసి నేర్చుకున్నదాన్ని చెప్పి మాన్పించబోయి చాలా ఏళ్లు ఓడిపోయాను. పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో రాసిన ప్రతిజ్ఞ మా పిల్లలకి కంఠతా వచ్చు. పొద్దున ఎండలో నిలబడి, చెయ్యి చాచి, అందరం తోబుట్టువులమని ఒకే గొంతుతో చెప్పేవాళ్లు. పన్నెండున్నరకల్లా వీధులవారీగా విడిపోయేవాళ్లు. తప్పు ప్రతిజ్ఞది కాదు. కంటితో నేర్చుకున్న పాఠాన్ని చెవిలో చెప్పి చెరపడం కుదరదు. కంటికే ఇంకో పాఠం చూపించాలి.

ఆ పాఠం నాకు ఒక వానాకాలం అనుకోకుండా దొరికింది. విజయవాడ ఎగ్జిబిషన్లో కొన్న 'కన్నా పన్నా' సంచిలో ఉంది. జై విటేకర్ రాసిన కథ. చెన్నైలో తూలిక ప్రచురణల వాళ్లు వేశారు. కన్నాకి చూపు లేదు. బంధువులతో కలిసి గుహలో ఉన్న గుడికి వెళ్తాడు. ఉన్నట్టుండి కరెంటు పోతుంది. చూపున్నవాళ్లందరూ చీకట్లో కంగారుపడుతుంటే, చీకటి కొత్తకాని కన్నాయే అందరినీ బయటికి తీసుకొస్తాడు. కథ ఇంతే.

నేను కథ మొదలుపెట్టేసరికి పిల్లలు ఎవరి చోట్ల వాళ్లు కూర్చుని ఉన్నారు. పుస్తకం ఒక్కటే, పిల్లలు ఇరవై ముగ్గురు. కథ మాత్రమే అయితే ఎక్కడ కూర్చున్నా వినపడుతుంది. బొమ్మ కనబడాలంటే మాత్రం దగ్గరికి రావాలి. ఒక్కొక్కరే పాక్కుంటూ వచ్చారు. మూడో పేజీకల్లా నా చుట్టూ గుంపు కట్టారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక మోకాళ్ల మీద. ఎత్తు తప్ప అక్కడ ఇంకో వరస లేదు. ఒకరి భుజం మీద ఒకరి గడ్డం, ఒకరి చెంపకి ఒకరి జడ తగులుతున్నాయి. తరగతి గదిలో ఆ గుంపుని చూడటం నాకదే మొదలు.

అప్పుడు ఊళ్లో పెద్దరైతు మనవడు, మూడో తరగతి వాడు, వెనక్కి తిరిగి అన్నాడు: "జరగండ్రా, ఆ పిల్లకి కనపడటంలా."

ఆ పిల్ల వాగు అవతలి నుంచి వచ్చే ఒకటో తరగతి పాప. అంతకుముందు వాడు ఆమెను చూసి ఉంటాడు గానీ, ఆమె చూస్తోందా లేదా అన్నది వాడికెప్పుడూ పట్టలేదు. తనకి కనబడుతున్నది పక్కవాళ్లకీ కనబడాలని కోరుకోవడమే స్నేహానికి మొదటి మెట్టు. ఆ మెట్టు వాడు తనంతట తనే ఎక్కాడు. నేను చేసిందల్లా పుస్తకాన్ని తెరిచి పట్టుకోవడమే.

మర్నాడే వరండాలో వరస చెరిగిపోయిందని అబద్ధం చెప్పను. ఆ ఏడు ఆఖరికి పంపు దగ్గర కాస్త కలగలిసింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు పళ్లెం తీసుకుని చోటు మారారు. అంతే. కానీ ప్రతిజ్ఞతో, నీతి సూక్తులతో, నా మందలింపులతో ఇన్నేళ్లలో ఆ కాస్త కూడా జరగలేదు.

ఇదంతా పరాయి దేశపు పోకడ అనేవాళ్లున్నారు. వాళ్లకి ఒక్కమాట గుర్తుచేస్తాను. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. మన బళ్లలో తరతరాలు వచనం నేర్చుకున్నది ఆ పుస్తకంతోనే. అందులో మొదటి భాగం పేరే మిత్రలాభం. కాకి లఘుపతనకుడు ఎలుక హిరణ్యకుడి బొరియ దగ్గరికొచ్చి స్నేహం చేద్దామంటే, ఎలుక లోపలి నుంచే వద్దంటుంది. తినేవాడికీ తిండి అయ్యేవాడికీ స్నేహమేమిటని అడుగుతుంది. ఆ అనుమానాన్ని కథ తప్పని కొట్టిపారెయ్యదు. బలవంతుడు బొరియ ముందు నిలబడి, బతిమాలి, నమ్మకం సంపాదించుకుంటాడు. ఆ తర్వాతే తాబేలూ జింకా వచ్చి చేరతాయి. కాబట్టి తేడాల మధ్య స్నేహం మనకి కొత్త పాఠం కాదు.

అయితే మనం ఆ పాఠాన్ని జంతువుల దగ్గరే ఆపేశాం. కాకికీ ఎలుకకీ స్నేహం కుదిర్చాం గానీ, ఊరి పిల్లకీ వాడ పిల్లకీ కుదర్చడానికి జంకాం. పిల్లల కథల్లో రాము, సోము, సీత, గీత తప్ప ఇంకో పేరు రావాలంటే పండగ పాఠం రావాలి. రంజాన్ పాఠంలో సలీం కనబడతాడు, క్రిస్మస్ పాఠంలో జాన్ కనబడతాడు. మిగతా పాఠాల్లో వాళ్లు ఏమైపోయినట్టు? వాళ్లకి ఆకలి, అల్లరి, పోయిన పెన్సిలు, తప్పిన లెక్క ఉండవా?

ఈ లోటు కనిపెట్టి పని మొదలుపెట్టినవాళ్లు లేకపోలేదు. హైదరాబాదులోని అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో పిల్లల కథల వరస ఒకటి తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటి రచయితలు తాము పెరిగిన వాడల నుంచి, ఇళ్ల నుంచి కథలు తెచ్చి ఇచ్చారు. మంచి చిత్రకారులు బొమ్మలు వేశారు. అందులో ఖదీర్‌బాబు కథ తలకాయ కూర గురించి. ఆదివారం పూట ఒక ముస్లిం ఇంట్లో తలకాయ తెచ్చి వండుకునే సందడి తప్ప అందులో బోధ లేదు, ఉపన్యాసం లేదు.

ఆ కథ చెప్పిన రోజు నా తరగతిలో ఎన్నడూ జరగనిది జరిగింది. పిల్లలు తమ ఇళ్లలో ఏం తింటారో చెప్పడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ చెబుతుంటే ఆ వాగు అవతలి పాప కూడా నోరు విప్పింది. "మా నాయన చేలో ఎలకల్ని పడతాడు టీచర్, కాల్చుకుని తింటాం" అంది. ఇద్దరు కిసుక్కున నవ్వారు. నాకు గుండె జారింది. ఇంతలో ఒకడు అడిగాడు: "ఎట్ట పడతారు?" ఆ పిల్ల లేచి నిలబడి చెప్పింది. కుండలో ఎండుగడ్డి కూరి ముట్టించడం, బొరియలోకి పొగ ఊదడం, ఏ కంతలోంచి ఎలక బయటికొస్తుందో ముందే పసిగట్టి కాపుకాయడం, అన్నీ చేతులతో చూపించింది. నవ్విన ఇద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. ఆ రోజు ఆ గదిలో ఆమెకు తెలిసిన విద్య మరెవరికీ తెలియదు.

సాయంత్రం ఒక తల్లి వచ్చి నిలదీసింది. "ఏంది టీచరమ్మా, బళ్లో తలకాయ కూర కథలా చెప్పేది? మంచి కథలే లేవా?" ఆమె మీద నాకు కోపం రాలేదు. మంచి కథ అంటే మనలాంటి వాళ్ల కథ అని ఆమెకూ ఎవరో చిన్నప్పుడే నేర్పారు. ఎవరూ ఆ తల్లి ఒడిలో ఇలాంటి పుస్తకం పెట్టలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నీనా సబ్నానీ తన తండ్రి జ్ఞాపకాల్లోంచి అల్లిన 'ముకంద్ అండ్ రియాజ్' 2007లో వచ్చింది. 1947లో కరాచీలో ఇద్దరు స్నేహితులు, దేశ విభజన, రేవులో విడిపోవడం. గుడ్డముక్కలు అతికి కుట్టే ఆడవాళ్ల పనితనం చూసి బొమ్మలు కూడా ఆ తీరులోనే చేశారు. చిరిగిపోయిన దేశం కథని అతుకుల బొమ్మలతో చెప్పడం ఎంత ఆలోచనో చూడండి. పిల్లలకి ఇదంతా విప్పి చెప్పనక్కర్లేదు. కుట్టు మీద వేలు పెట్టి తడిమి, "ఇదెందుకు అతికించారు?" అని వాళ్లే అడుగుతారు. షీలా ధీర్ 1999లో రాసి బొమ్మలు వేసిన చిన్న పుస్తకం ఒకటుంది. వైకల్యం ఉన్న పిల్ల చుట్టూ పెద్దలు అనుకునే మాటలు, వాటికి ఆ పిల్ల జవాబులు. నా చెయ్యి పట్టుకోవడానికి భయమెందుకని పుస్తకం పేరే అడుగుతుంది. 'రైలుబడి' అన్న పేరుతో తెలుగులోకి వచ్చిన టెట్సుకో కురొయనాగి పుస్తకంలో, పోలియో సోకిన తోటి పిల్లవాడిని చెట్టెక్కించడానికి టోటో అనే పిల్ల చెమటలు కక్కుతూ నిచ్చెన లాక్కొచ్చే ఘట్టం చదివి, మా పిల్లలు బడి వెనక వేపచెట్టుకి ఎవరెవరిని ఎక్కించవచ్చో లెక్కలు వేశారు.

మరి ఇవన్నీ ఎక్కడున్నాయి? మీ ఊరి బళ్లో ఉన్నాయా? మీ పట్నం గ్రంథాలయంలో ఉన్నాయా? మీ ఇంట్లో ఉన్నాయా?

బళ్లో ఉన్నా బీరువాలో ఉంటాయి. బీరువాకి తాళం ఉంటుంది. తాళంచెవి హెడ్మాస్టరు జేబులో ఉంటుంది. "చిరిగితే ఎవరు కడతారు?" అన్న ప్రశ్న ఆ తాళం కన్నా గట్టిది. విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలంది, అందులో కథల పుస్తకాలూ ఉండాలని విడిగా రాసింది. బీరువా కొని చట్టాన్ని పాటించామనిపించుకున్నాం. నా బడిలో నేను తాళం తీసేసినందుకు, పుస్తకాలు నలిగాయని నా మీద రిమార్కు రాశారు. టేపు అంటించిన ఆ అట్టల్ని చూసి మెచ్చుకోవాల్సింది పోయి, సంజాయిషీ అడిగారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద పన్ను రూపాయికి 8 పైసలు. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయాల్లో పిల్లల అరలో ఏముందో ఒకసారి వెళ్లి చూడండి. నేను చూసిన చోటల్లా పోటీపరీక్షల గైడ్లు, నీతికథల సంకలనాలు కనబడ్డాయి. బొమ్మల పుస్తకం ఎక్కడో అడుగున, వెన్ను కూడా కనబడకుండా నలిగి ఉంది. సన్నగా ఉంటుంది కాబట్టి వెన్ను మీద పేరు పట్టదు. పేరు కనబడదు కాబట్టి ఎవరూ తియ్యరు. అట్ట ఎదురుగా కనబడేలా పెట్టడానికి ఒక చిన్న చెక్క చాలు. ఆ చెక్క ముక్కకి కూడా నోచుకోలేదు.

పురస్కారాల సంగతీ అంతే. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది, సంతోషమే. అది రచయితకి ఇచ్చేది. బొమ్మల పుస్తకంలో సగం కథ చెప్పే చిత్రకారుడి పేరు మన సమీక్షల్లో చివరి వాక్యంలో కూడా రాదు. అసలు సమీక్షలేవి? ఆదివారం అనుబంధాల్లో కవిత్వ సంపుటాలకి దొరికే చోటులో పదోవంతు పిల్లల పుస్తకాలకి దొరికితే నేను ఈ వ్యాసం రాసేదాన్నే కాదు. ఇక్కడ ఇంకో బాధ ఉంది. వడ్డాది పాపయ్య, శంకర్, చిత్రా బొమ్మల కోసం ప్రతి నెలా చందమామకి ఎదురుచూసిన తరం మాది. బొమ్మ చూసి కథలోకి దూకిన వాళ్లమే ఇవాళ తాతలమై, అమ్మమ్మలమై, "బొమ్మలే గదా" అని పెదవి విరుస్తున్నాం.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రం 1985లో ఒక లెక్క తీసింది. ఆ ఏడు ఆ దేశంలో వచ్చిన సుమారు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలవి 18. ఆ అంకె బయటపడ్డాక వాళ్లు సిగ్గుపడ్డారు, ఏటేటా లెక్కపెడుతున్నారు, అంకె పెరుగుతోంది. మన దగ్గర సిగ్గుపడటానికి కావలసిన లెక్క కూడా లేదు. తెలుగులో ఈ ఏడు ఎన్ని బొమ్మల పుస్తకాలు వచ్చాయి, వాటిలో ఎన్నింటి అట్ట మీద యానాది పిల్ల ఉంది, దూదేకుల పిల్లాడు ఉన్నాడు, చక్రాల కుర్చీ ఉంది? విశ్వవిద్యాలయాల్లో అంతమంది తెలుగు ఆచార్యులున్నారు. ఎవరైనా ఒక్కరు ఒక్క ఏడాది లెక్కపెట్టకూడదా?

"చిన్నపిల్లలకి కులం, మతం గొడవలెందుకు, వాళ్లకేం తెలుసు?" అని అడుగుతారు. వాళ్లకి తెలుసు. మా వరండాలో ఆ వరస కట్టింది వాళ్లే. తెలియనట్టు నటిస్తున్నది మనం.

"పుస్తకాలు చదివితే స్నేహాలు వస్తాయా?" అనీ అడుగుతారు. మా నెల్లూరులో మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. బారాషహీద్ దర్గా ముందు నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. ఇచ్చేవాళ్ల మతం ఎవరూ అడగరు. ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామికి ముస్లింలు కొబ్బరికాయ కొడతారు. అంటే మన పెద్దలకి ఈ విద్య వచ్చు. ఏడాదికి కొద్దిరోజులు చెరువులో నిలబడి చేసేదాన్ని మిగతా రోజుల్లో ఇంటి ముందు చెయ్యలేకపోతున్నాం. ఆ మిగతా రోజుల కోసమే ఈ పుస్తకాలు.

డబ్బు సాకు కూడా చెల్లదు. సికింద్రాబాదు తార్నాకలోని 'మంచి పుస్తకం' వాళ్లు పాత సోవియట్ బొమ్మల పుస్తకాలతో సహా ఎన్నింటినో చవగ్గా అచ్చువేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు వందల్లో ఉన్నాయి, పైసా అక్కర్లేదు. పుట్టినరోజుకి కేకు మీద, బెలూన్ల మీద పెట్టే ఖర్చులో ఎన్నో వంతుకి పది పుస్తకాలు వస్తాయి.

కాబట్టి అడుగుతున్నాను. చెయ్యి చాచి అడుగుతున్నాను. బడికి పుస్తకాలు ఎంపికచేసే అయ్యలారా, పేజీలు లెక్కపెట్టకండి, ఒక్క పుస్తకాన్నైనా ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివి చూడండి. హెడ్మాస్టరుగారూ, తాళం తియ్యండి, చిరిగిన పుస్తకానికి నేను కడతాను. సంపాదకులారా, నెలకి ఒక్క పేజీ ఇవ్వండి, బొమ్మ వేసినవారి పేరు మొదటి వాక్యంలో రాయండి. ప్రచురణకర్తలారా, వాడల నుంచి, తండాల నుంచి, పట్టపుపాలేల నుంచి కథలు అడిగి తెచ్చుకోండి, అన్వేషి దారి చూపించి పదిహేనేళ్లు దాటింది. అమ్మలారా, నాన్నలారా, పుస్తకం ఇంటికి తెచ్చి బిడ్డ చేతికిచ్చి వెళ్లిపోకండి, కింద కూర్చోండి. వీలైతే ఆ రోజు పక్క వీధి పిల్లని కూడా పిలవండి.

ఆ ఒకటో తరగతి పాప ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఆ రోజు వాడు జరిగి చోటిచ్చాడు కాబట్టి ఆమెకు బొమ్మ కనబడింది. ఇలాంటి పిల్లలు ఇంకా లక్షల్లో వెనక నిలబడి, మునివేళ్ల మీద లేచి చూస్తున్నారు. ముందు వరస నిండా మనమే కూర్చున్నాం. ఎనిమిదేళ్ల పిల్లవాడికి తోచిన మాట మనకి తోచకపోతే ఎలా?

కాస్త జరగండి. వాళ్లకి కనబడటం లేదు.